కట్టె, కొట్టె, తెచ్చె

క్లుప్తత మంచి గుణమన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా క్లుప్తత అంటే ఏమిటన్న దగ్గరే. తక్కువ మాటల్లో ముగించడమే క్లుప్తత అన్న అభిప్రాయం తెలుగునాట ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని పరీక్షించి చూడాలన్న ఆలోచన కూడా రాదు. బడిలో సంక్షిప్తీకరణ పేరుతో పేరాను మూడోవంతుకు కుదించమంటారు. కుదించిన పిల్లవాడికి మార్కులు పడతాయి, ఆ కుదింపులో ఏం పోయిందని అడిగేవారు అరుదు. ఆఫీసుల్లో పేజీ దాటిన కాగితాన్ని పెద్దలు చదవరంటారు. సభల్లో వక్త చేతికి 'టూకీగా' అన్న చీటీ అందుతుంది. జనానికి చదివే ఓపిక లేదు, పొడవైన రాత ఇక నిలవదు అన్న మాట పత్రికల్లోనే తరచు కనిపిస్తుంది. ఈ అభిప్రాయం మూలంలోనే తప్పు. బొగ్గు గనులూ కరెంటు ప్లాంట్లూ ఉన్న చోట అది ప్రాణాల మీదికి తెచ్చే తప్పు కూడా.

ఈ అభిప్రాయం ఉన్నవారు ముందుగా చూపించే ఉదాహరణ 'కట్టె, కొట్టె, తెచ్చె'. రాముడు సేతువు కట్టాడు, రావణుణ్ణి కొట్టాడు, సీతను తెచ్చాడు. అంత పెద్ద రామాయణం మూడు మాటల్లో ఇమిడిపోయిందని మెచ్చుకుంటారు. అసలు ఇమిడిందా? ఎవరు కట్టారో, దేన్ని కట్టారో, ఎవరిని కొట్టారో, ఎవరిని తెచ్చారో ఆ మూడు మాటల్లో ఎక్కడా లేదు. రామాయణం ఎన్నడూ వినని మనిషికి ఇవి చెబితే మొదటి మాట పొయ్యిలో పెట్టే కట్టెలా వినిపిస్తుంది. ఎవరో కట్టెలు కొట్టి ఇంటికి తెచ్చారనుకుంటాడు. తెలుగువారికి ఆ మాటలు అర్థమవుతున్నాయంటే కారణం ఆ మాటలు కావు. ఇంట్లో నాయనమ్మ చెప్పిన కథ, గుడి దగ్గర విన్న హరికథ, తోలుబొమ్మలాట, భజన, శ్రీరామనవమి పందిరి, ఇవన్నీ ఏళ్ల తరబడి చేసిన పని వల్ల అర్థమవుతున్నాయి. ఆ మూడు మాటలూ తెలిసిన కథను గుర్తు చేస్తాయి, అంతే. తెలియనివాడికి వాటితో రామాయణం చెప్పడం సాధ్యం కాదు. గుర్తు చేయడం, తెలియజెప్పడం రెండు వేర్వేరు పనులు. మొదటిదానికి పనికొచ్చే కొలతతో రెండోదాన్ని కొలవడం నుంచే ఈ పొరపాటంతా పుట్టింది.

చెప్పవలసిన అర్థం మొత్తం, వినేవాడికి అనవసరమైన శ్రమ లేకుండా, అనుమానం మిగలకుండా చేరడమే క్లుప్తత. మాటల సంఖ్య దాని ఫలితం. వినేవాడికి ఎంత తెలుసు, తిరిగి అడగడానికి వీలుందా, పొరపాటుగా అర్థం చేసుకుంటే నష్టం ఎంత అన్నవాటిని బట్టి ఆ సంఖ్య పెరుగుతుంది, తగ్గుతుంది. ఒకే విషయం ఒకరికి మూడు మాటల్లో క్లుప్తం, ఇంకొకరికి ముప్పై మాటల్లో క్లుప్తం. రాసేవాడు పది మాటలు మిగుల్చుకుంటే చదివే వంద మంది తలా పది నిమిషాలు ఊహించుకోవలసి వచ్చిందనుకుందాం. అక్కడ పొదుపు జరగలేదు. ఒకరు మొయ్యవలసిన బరువు వంద మంది నెత్తిన పడింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెతను ఊకదంపుడు వక్తల మీదే వాడుతుంటారు. అర్థం కాని పొట్టి నోటీసు అంటించి వెళ్లిపోయేవారికీ అది అంతే బాగా సరిపోతుంది.

మాటలు లెక్కపెట్టే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే దాని విలువ తెలుస్తుంది. టెలిగ్రామ్‌కు మాటల లెక్కన డబ్బు కట్టాలి కాబట్టి విభక్తులూ మర్యాదలూ తీసేసి రాసేవారు. తల్లికి జబ్బు, బయల్దేరు. ఏ జబ్బో, ఎంత ముదిరిందో, ఉందో పోయిందో కాగితం చెప్పదు. అందుకే పల్లెల్లో టెలిగ్రామ్ వచ్చిందంటే విప్పకముందే ఏడుపులు మొదలయ్యేవి. ఊరి నుంచి వందల మైళ్ల దూరం వచ్చి గనుల్లో చేరినవాళ్లకు, ఆ కాగితం అందిన దగ్గర నుంచి రైలు దిగేదాకా గడిచే ప్రయాణమంతా ఆ పొదుపుకు చెల్లించిన మూల్యమే. 2013 జూలై 15 నుంచి దేశంలో టెలిగ్రామ్ సేవ ఆగిపోయింది. మాటకింత అన్న ధర పోయింది, ఆ ధర నేర్పిన రాత మాత్రం ఆదర్శంగా మిగిలింది. తర్వాత వచ్చిన ఎస్సెమ్మెస్‌ది ఇంకో రకం లెక్క. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక సందేశానికి 160 చోట్లు ఉంటే తెలుగు లిపిలో 70 మాత్రమే. పైగా 'స్త్రీ' అన్న ఒక్క అక్షరాన్ని యంత్రం ఆరు గుర్తులుగా లెక్కిస్తుంది: మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం. ఈ హద్దులు యంత్రం కోసం పుట్టినవి. రాత గుణం గురించి అవి చెప్పేదేమీ లేదు.

గోదావరిఖని బొగ్గు గనుల వైపు చూస్తే ఇదే విషయం మరింత స్పష్టంగా తెలుస్తుంది. క్లుప్తతను మెచ్చుకునేవారికి అక్కడ మొదట కనిపించేది హాలర్ గంట. బాయిలో, అంటే గనిలో, బొగ్గు టబ్బులు లాగే తాడును నడిపేవాడికీ కింద పనిచేసేవాడికీ మధ్య మాట వినపడదు, మనిషి కనపడడు; గంటలతోనే సంభాషణ. కదులుతున్నదాన్ని ఆపాలంటే ఒక్క గంట. మానవ భాషలో ఇంతకన్నా పొట్టి మాట ఉండదు. అయితే ఆ ఒక్క గంట వెనక ఉన్నదంతా చూడాలి. ఏ గంటకు ఏ అర్థమో గనుల నిబంధనల్లో రాసి ఉంటుంది. ఆ పట్టికను సిగ్నల్ ఇచ్చేచోట, అందుకునేచోట అందరికీ కనిపించేలా పెట్టాలి. గంట కొట్టే అధికారం ఎవరికుందో నిర్ణయించి ఉంటుంది. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం కొత్త కార్మికుడు శిక్షణ పొందాకే పనిలోకి దిగుతాడు. ఇన్ని పేజీలు, ఇన్ని రోజులు ముందే ఖర్చయ్యాయి కాబట్టి ఆ క్షణంలో ఒక్క గంట సరిపోతోంది. ఆ ఏర్పాటులో మరో తెలివి ఉంది. అన్నిటికన్నా చిన్న సంకేతాన్ని ఆపడానికి కేటాయించారు. రెండు గంటల్లో ఒకటి చప్పుడులో కలిసిపోయినా మిగిలేది 'ఆపు' అన్న అర్థమే, దానివల్ల ప్రాణం పోదు. సంకేతం చిన్నదైతే చాలని ఆ ఏర్పాటు చేసినవారు తృప్తి పడలేదు. సగం వినపడితే ఏమవుతుందని ముందే ఆలోచించారు.

రూఫ్, అంటే గని పైకప్పు, కదులుతున్నదని తెలిసిన సర్దార్ (షిఫ్టులో భద్రత చూసే మనిషి) 'ఉరుకుండ్రి' అని ఒక్క కేక వేస్తాడు. దాన్ని కూడా క్లుప్తతకు గొప్ప ఉదాహరణగా చెప్పవచ్చు, నిజమే. కాని అదే సర్దార్ అదే రోజు ఇంకో పని చేస్తాడు. షిఫ్టు మనుషులు పనిలోకి పోకముందే తన డిస్ట్రిక్ట్, అంటే తనకు అప్పగించిన గని భాగం, అంతా తిరిగి గ్యాస్, గాలి, రూఫ్, పక్క గోడలు చూసి, చూసినదంతా రిపోర్టు పుస్తకంలో రాస్తాడు. ఆ పుస్తకం విడి కాగితాలుగా ఉండకూడదు. బైండు చేసి, పేజీల నంబర్లు వేసి ఉండాలి. ఎక్కడెక్కడ ఏముందో విడివిడిగా రాయాలి. ఈ రాత పొడవుగా ఉందని ఎవరూ తప్పు పట్టకూడదు. ఎందుకంటే దీన్ని చదివేవాడు రాసినవాడిని అడగలేడు. రాసినవాడు అప్పటికి ఇంటికి పోయి నిద్రపోతుంటాడు. 'అంతా బాగుంది' అన్న రెండు మాటలు ఆ పుస్తకంలో ఉన్నాయంటే అక్కడ రాసినవాడు అన్నీ చూసి ఉండవచ్చు, ఏదీ చూడకుండానూ ఉండవచ్చు. చదివినవాడికి ఆ తేడా తెలియదు. 'ఫలానా లెవెల్ దగ్గర జంక్షన్‌లో రూఫ్ తట్టితే డొల్లగా మోగింది, రెండు దుంగలు అదనంగా పెట్టించాను, రాత్రి షిఫ్టు మళ్లీ చూడాలి' అన్న వాక్యంలో పనికిరాని మాట ఒక్కటీ లేదు. మొదటిది పొట్టిది, రెండోది క్లుప్తమైనది.

అంకె ఎక్కడ వాడాలో కూడా గనులే నేర్పుతాయి. 'గ్యాస్ కొంచెం ఉంది' అనడానికి మూడు మాటలు, '1.25 శాతం' అనడానికి రెండు. గాలిలో మండే గ్యాస్ 1.25 శాతం దాటితే అక్కడి కరెంటు తీసేయాలని నిబంధన. కాబట్టి ఈ రెండు మాటలు విన్నవాడికి చేయవలసిన పని కూడా తెలిసిపోతుంది. ఇక్కడ పొట్టిదే నిండైనది. ఇలాంటి చోట్ల కుదింపును వ్యతిరేకించవలసిన అవసరమే లేదు. వ్యతిరేకించవలసింది గని మ్యాపులో ఖాళీని. నీళ్లు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపు పని చేయాలంటే ముందుగా రాతపూర్వకమైన అనుమతి కావాలి. అంటే పాత పని ఎక్కడ ఆగిందో, ఎంత నీరుందో కచ్చితంగా గీసి ఉండాలి. మ్యాపును మించిన సంక్షిప్త రచన లేదు. అందులో రాయకుండా వదిలిన గీత కూడా ఒక వాక్యమే, అక్కడ ఏమీ లేదని చెప్పే వాక్యం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ దుర్ఘటనకు రాతలోని లోపమే కారణమని ఇక్కడ చెప్పడం లేదు. నీటికీ మనిషికీ మధ్య ఉన్న దూరాన్ని కాగితం మీదే తెలుసుకోవలసిన వృత్తిలో, వదిలేసిన వివరానికి ఎంత బరువుంటుందో ఆ తేదీ గుర్తు చేస్తుంది.

గనుల్లో తవ్విన బొగ్గు ప్రత్యేక రైలు మార్గంలో రామగుండంలోని జ్యోతినగర్ పక్కనున్న ఎన్‌టీపీసీ ప్లాంటుకు చేరుతుంది. 1978లో శంకుస్థాపన జరిగిన ఆ ప్లాంటు మూడు 200 మెగావాట్ల యూనిట్లు, నాలుగు 500 మెగావాట్ల యూనిట్లతో 2,600 మెగావాట్లకు ఎదిగింది. దాని చుట్టూ పుట్టిన జ్యోతినగర్‌లో షిఫ్టు డ్యూటీ అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒక షిఫ్టు తెలుసుకున్నదంతా ఇంకో షిఫ్టు చేతిలో పెట్టి వెళ్లడమే ఆ ఉద్యోగంలో సగం. ఏ పంపు ఆగింది, ఏ వాల్వు విప్పి ఉంది, ఎవరి పర్మిట్ ఇంకా తిరిగి రాలేదు అన్నవి లాగ్‌బుక్‌లో ఉండాలి, నోటితోనూ చెప్పాలి. రాసింది మళ్లీ చెప్పడం వృథా కదా అని కుదింపు పక్షం వారు అడగవచ్చు. కాదు. రాత చదివేటప్పుడు పడని అనుమానం వినేటప్పుడు పడుతుంది, అప్పుడు అడగడానికి ఎదురుగా మనిషి ఉంటాడు.

కరెంటు పనివాళ్లు అందరూ వాడే 'ఎల్‌సీ' అన్న మాటనే తీసుకోవచ్చు. లైన్ క్లియర్ అన్న రెండు మాటలు అరిగి రెండు అక్షరాలయ్యాయి. 'ఎల్‌సీ ఇచ్చారా?' 'ఇచ్చారు.' ఇంతకన్నా పొట్టి సంభాషణ దొరకదు, ఇంతకన్నా ప్రమాదకరమైనది కూడా దొరకదు. ఏ ఫీడర్‌కు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఎన్ని గంటలకు, ఆ స్తంభం మీద ఇంకో లైన్ కూడా వెళుతోందా, పని ముగిసి ఎల్‌సీ తిరిగి ఇచ్చింది తీసుకున్న మనిషేనా, ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఉంటేనే ఆ రెండు అక్షరాలకు అర్థం. స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం ఆ వివరాల మీద ఆధారపడి ఉంటుంది.

ప్రపంచం ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద 167 మంది చనిపోయారు. ఒక పంపుకు సంబంధించిన భద్రతా వాల్వును పగటి షిఫ్టు మరమ్మతు కోసం తీసింది. ఆ సంగతి రాత్రి షిఫ్టుకు చేరలేదు. ఇంకో పంపు ఆగిపోగానే వాళ్లు దీన్ని నడిపారు, గ్యాస్ బయటికొచ్చి పేలింది. ఆ సాయంత్రం చెప్పకుండా మిగుల్చుకున్నవి ఒకటి రెండు వాక్యాలు. 1977 మార్చి 27న టెనెరిఫె విమానాశ్రయంలో రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. బయల్దేరుతున్నామన్న అర్థంలో ఒక విమానం నుంచి వచ్చిన పొట్టి మాటను కంట్రోల్ టవర్ వేరుగా అర్థం చేసుకుంది. బయల్దేరే చోట ఆగి ఉన్నారనుకుని 'ఓకే' అంది. రెండు వైపులా మాటలు పొదుపుగానే ఉన్నాయి. ఆ తర్వాత విమానయానంలో మాటల పద్ధతిని మార్చారు. 'టేకాఫ్' అన్న మాటను అసలైన అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప వాడకూడదన్నారు. ఆదేశాన్ని విన్నవాడు 'సరే' అని ఊరుకోకుండా విన్నది విన్నట్టు తిరిగి పలకాలన్నారు. మాటల లెక్కన చూస్తే సంభాషణ పొడవు పెరిగింది. అర్థం చేరడానికి పట్టే మొత్తం శ్రమ, పొరపాటు సరిదిద్దే ఖర్చుతో సహా లెక్కిస్తే, తగ్గింది.

ప్రాణాపాయం లేని చోట కూడా ఇదే వాదం నిలుస్తుంది. రామగుండం ప్రాంతంలో పొట్టి అక్షరాల వాడకం ఎంత ఎక్కువో కొత్తగా వచ్చినవారికి మొదటి రోజే తెలుస్తుంది. ఆర్జీ-1, జీడీకే-11, ఓసీపీ-3, సీహెచ్‌పీ, ఆర్‌ఎఫ్‌సీఎల్. ఆ ఊరివారికి ఇవి ఇంటిపేర్లంత సహజం, వాటిని విప్పి చెప్పమనడం అనవసరం. కాని వేతన ఒప్పందాలు, వైద్య బోర్డు నిర్ణయాలు, వారసుల ఉద్యోగాలు ఇలాంటి అక్షరాల్లోనే మాట్లాడినప్పుడు నష్టం ఎవరిదో చూడాలి. నోటీసు బోర్డు ముందు నిలబడ్డ, ఇంకా పర్మనెంట్ కాని బదిలీ కార్మికుడు, భర్త పోయాక మొదటిసారి ఆఫీసు మెట్లెక్కిన ఇల్లాలు ఆ అక్షరాలను విప్పుకోలేక యూనియన్ నాయకుడి కోసమో, చదువుకున్న కుర్రాడి కోసమో వెతుక్కోవాలి. లోపలివాడికి రెండు సెకన్లు మిగిలాయి, బయటివాడికి రెండు రోజులు పోయాయి.

'నిబంధనల మేరకు' అన్న మాట ఇంకా గట్టిది. ఏ ఆఫీసు కాగితంలోనైనా కనిపించే ఈ రెండు మాటలు ఏ నిబంధనో, ఏ తేదీ నాటిదో, దాని ప్రకారం ఏమొస్తుందో ఏమి రాదో చెప్పవు. 'పరిశీలనలో ఉంది' కూడా అలాంటిదే. అర్జీ పెట్టుకునేవాడు తన కథంతా మూడు పేజీల్లో రాస్తాడు. జవాబు ఒక్క లైను వస్తుంది. ఆ మూడు పేజీలను చూసి రాయడం రాదని నవ్వడం, ఆ ఒక్క లైనును చూసి పొందికైన శైలి అనడం అన్యాయం. అధికారం ఉన్నవాడికి కారణం చెప్పవలసిన అగత్యం లేదు కాబట్టి అతని మాట పొట్టిగా ఉంది. అర్జీదారుడు ఏ వివరం వదిలేస్తే ఏం నష్టమో తెలియక అన్నీ రాశాడు. పాత గడీల్లో దొర మాట ఎప్పుడూ పొట్టిగానే ఉండేది.

సాహిత్యం దగ్గరికి వస్తే ఈ అభిప్రాయానికి వేమన అండగా నిలుస్తాడని అందరూ అనుకుంటారు. నాలుగు పాదాల ఆటవెలదిలో లోకమంతా చూపించాడంటారు. చూపించాడు, అందులో సందేహం లేదు. కాని ఆ నాలుగు పాదాల్లో చివరిది మకుటం. పద్యం మారినా అది మారదు. కొత్త సమాచారం ఒక్క అక్షరం కూడా ఇవ్వదు. మాటలు లెక్కపెట్టేవారి తూకంలో తెలుగువారి అత్యంత క్లుప్తమైన కవి తన పద్యంలో పావు వంతు వృథా చేశాడని తేలాలి. ఎవరూ అలా అనరు, ఎందుకంటే ఆ పాదం చేసే పని చెవికి తెలుసు. చెప్పింది లోపలికి దిగడానికి అది వ్యవధి ఇస్తుంది, పద్యం ముగిసిందని చెబుతుంది, మళ్లీ మళ్లీ వచ్చి జ్ఞాపకానికి పట్టు ఇస్తుంది. చదువు రాని నోళ్ల మీద కూడా ఆ పద్యాలు శతాబ్దాలు బతికి, సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించే దాకా నిలిచాయంటే ఆ నాలుగో పాదానికీ అందులో వాటా ఉంది.

అల్పాక్షరాల్లో అనల్పార్థం అన్న ఆదర్శాన్ని తెలుగులో గట్టిగా ప్రతిపాదించినవాడు పాల్కురికి సోమనాథుడు. ఆ మాటను ఉటంకించేవారు అల్పాక్షరాల దగ్గరే ఆగిపోతారు, అనల్పార్థం వారికి వినపడదు. అదే సోమనాథుడు బసవపురాణాన్ని ఏడు ఆశ్వాసాల ద్విపదగా రాశాడు. భక్తుల కథల మీద కథలు చెప్పాడు. తాను చెప్పిన సూత్రాన్ని తానే మరిచిపోయాడనుకోవాలా? అంత అర్థం ఉంది కాబట్టి అంత రచన అవసరమైంది. ద్విపదలో ఏ రెండు పాదాలు తీసుకున్నా దట్టంగా ఉంటాయి; మొత్తం పొడవు మాత్రం వాటి బరువును బట్టే పెరిగింది. తిక్కన విషయం కూడా అంతే. సంభాషణను చురుగ్గా తేల్చేయడంలో ఆయనకు సాటి లేరని విమర్శకులు చెబుతారు, అయినా భారతంలో ఆయన రాసినవి పదిహేను పర్వాలు.

సంస్కృత శాస్త్రకారులు సూత్రానికి చెప్పిన లక్షణం ఈ చర్చకు అన్నిటికన్నా ముఖ్యమైనది. సూత్రంలో అక్షరాలు తక్కువగా ఉండాలన్నది వారు చెప్పిన ఆరు గుణాల్లో ఒకటి మాత్రమే. వెంటనే చెప్పిన రెండో గుణం అసందిగ్ధత. సారం ఉండాలి, అన్ని వైపులకూ వర్తించాలి, పూరణ కోసం వేసిన అక్షరం ఉండకూడదు, దోషం ఉండకూడదు. ఆరింట్లో ఒకదాన్ని పట్టుకుని మిగతా ఐదూ వదిలేయడమే నేటి వాడుక. పైగా పాణిని వ్యాకరణంలోని నాలుగు వేల దరిదాపు సూత్రాలను ఎవరూ ఎన్నడూ ఒంటరిగా చదువుకోలేదు. వాటి మీద కాత్యాయనుడి వార్తికాలు, పతంజలి మహాభాష్యం, ఆ పైన తరాల వ్యాఖ్యలు. గోదావరి ఒడ్డున మంథని లాంటి పాత విద్యాస్థానాల్లో ఇలాంటి శాస్త్రం నేర్చినవారికి సూత్రం గుర్తు పెట్టుకోవడానికి, వ్యాఖ్య అర్థం చేసుకోవడానికి. గురువు లేని చోట సూత్రం మూగది. సూత్రాన్ని ఆదర్శంగా చూపేవారు దాని పక్కన ఉన్న గురువును మరిచిపోతారు.

జ్యోతినగర్‌కు పడమరగా, వేములవాడ దగ్గర హన్మాజీపేట అన్న ఊరుంది. ఒగ్గు కథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ, కవి సి. నారాయణరెడ్డిదీ అదే ఊరు. నారాయణరెడ్డి ఐదు పాదాల ప్రపంచపదులు రాశాడు, 1980లో 'విశ్వంభర' అన్న దీర్ఘ కావ్యమూ రాశాడు. 1988 జ్ఞానపీఠం ఆ కావ్యాన్ని రచించిన చేతికి వచ్చింది. నాలుగు పాదాల నానీలకు రూపమిచ్చిన ఎన్. గోపి కూడా నీటి మీద 'జలగీతం' అన్న దీర్ఘ కవిత రాశాడు. వీరికి క్లుప్తంగా రాయడం రాదని ఎవరూ అనలేరు. అవసరమైనప్పుడు పొడవుగా రాశారు, అంతే. ఇక ఒగ్గు కథ రాత్రంతా సాగుతుంది. కథకుడు చెప్పిన మాటను పక్కనున్నవాళ్లు అందుకుంటారు, ప్రశ్నగా మళ్లీ అడుగుతారు, డోలు మోగుతుంది, కథ ఒక అడుగు వెనక్కి వచ్చి రెండు అడుగులు ముందుకు పోతుంది. అచ్చు పుస్తకానికి అలవాటు పడ్డ కన్ను అందులో సగం కొట్టివేయమంటుంది. కాని వింటున్న జనంలో మధ్యలో వచ్చినవారు, పిల్లను ఎత్తుకుని లేచి వెళ్లి వచ్చినవారు, పగలంతా పనిచేసి కునుకు తీసినవారు ఉన్నారు. పేజీ వెనక్కి తిప్పే వీలు చెవికి లేదు. మళ్లీ చెప్పడం వారికోసం చేసిన ఏర్పాటు. మాట్లాడే భాషకు, రాసే భాషకు క్లుప్తత ఒకటే కాదన్న విషయం పాఠ్యపుస్తకాలు ఇంకా గుర్తించలేదు.

ఈ చర్చలో తెలుగు మీద ఒక నింద కూడా తరచు వినిపిస్తుంది. ఇంగ్లీషులో ఒక లైను అయ్యేది తెలుగులో మూడు లైన్లవుతుందని, కాబట్టి సాంకేతిక విషయాలకు, ఆఫీసు పనికి ఇంగ్లీషే నయమని అంటారు. భాష గురించి ఏమాత్రం తెలిసినా ఈ మాట నిలవదు. 'చేయించుకోలేకపోయాడు' అన్నది ఒక్క మాట. ఇంకొకరి చేత చేయించడం, తన కోసం కావడం, చేతకాకపోవడం, జరిగిపోయిన కాలం, చేసినవాడు ఎవరన్నది, ఐదు సంగతులూ అందులో ఉన్నాయి. ఇంగ్లీషుకు అక్కడ ఎనిమిది మాటలు కావాలి. 'రానన్నాడు' లాంటి వాటికి లెక్కే లేదు. తెలుగు పొడవైపోయేది ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట మోసుకొచ్చినప్పుడే. 'మరమ్మతులు చేయడం జరిగింది' అంటారు. 'మరమ్మతు చేశారు' చాలు. మొదటి వాక్యం పొడవుగా ఉండటం చిన్న తప్పు. చేసినవాడిని మాయం చేయడం పెద్ద తప్పు. 'ఇందుమూలంగా యావన్మందికి తెలియజేయడమైనది' అన్నదాన్ని తీసేస్తే నోటీసుకు ఏ నష్టమూ లేదు. తెలుగును తెలుగులా రాస్తే కుదించవలసిన అవసరమే చాలా వరకు రాదు. గిడుగు రామమూర్తి జనం మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడింది అర్థం సూటిగా చేరాలనే. ఆ పోరాటం గెలిచిన తర్వాత కూడా ఆఫీసు తెలుగులో 'జరిగింది' తిష్ఠ వేసి కూర్చోవడం బాధ కలిగించే విషయం.

ఇంత చెప్పినా కుదింపు పక్షంలో ఒక న్యాయం ఉందని ఒప్పుకోవాలి. ఊకదంపుడు నిజంగానే ఉంది. వేదికను అలంకరించిన పెద్దల పేర్లన్నీ ప్రతి వక్తా మళ్లీ చదవడం, చెప్పబోయేది చెప్పి, చెప్పి, చెప్పింది మళ్లీ చెప్పడం, ఒక విశేషణం చాలిన చోట మూడు వేయడం, ఇవి శ్రోత కాలాన్ని తినేస్తాయి. దీనికి విసిగినవారు పొట్టితనాన్ని కోరుకోవడం సహజం. కాని ఆ పలుకుబడే తేడా చెబుతోంది. ఊకను దంచితే తప్పు. గింజను దంచితే తప్పు కాదు. బస్తాడు వడ్లు ఎక్కువగా ఉన్నాయని ఎవరూ పారబోయరు, చెరిగి ఊక తీస్తారు. చెరగడానికి చాట పట్టే ఓపిక కావాలి. ఏది గింజో ఏది ఊకో చూడకుండా బస్తాలో మూడోవంతు మిగిల్చి మిగతాది ఒంపేయడానికి ఏ ఓపికా అక్కర్లేదు. బడిలో నేర్పే సంక్షిప్తీకరణ చాలాసార్లు ఈ రెండో పనే.

జనానికి చదివే ఓపిక లేదన్న మాటకూ ఇదే జవాబు. తమ పని ఏమవుతుందో చెప్పే కాగితాన్ని జనం ఎంత పొడవైనా చదువుతారు, చదవలేనివారు చదివించుకుని వింటారు. వేతన ఒప్పందం కుదిరిన రోజున గని మస్టర్ (హాజరు వేసే చోటు) దగ్గర, హోటళ్ల ముందు బల్లల మీద ఒక్కో అంశాన్ని కార్మికులు ఎంత సేపు తరిచి తరిచి చర్చిస్తారో చూసినవారికి ఓపిక లేదన్న మాట నోట రాదు.

చదివేవాడిని బట్టి కొలత మారడం ఒక చిన్న నోటీసులో కూడా చూడవచ్చు. 'రేపు నీళ్లు రావు' అన్నది అన్నిటికన్నా పొట్టి రూపం. నీటి విభాగంలో పనిచేసేవాడికి అది చాలు. క్వార్టర్లలో ఉండే ఇంటివారికి చాలదు. 'రేపు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు నీళ్లు రావు. పైపు మారుస్తున్నారు. ఈ రాత్రి 8కి ఒక గంట అదనంగా వదులుతారు, పట్టి పెట్టుకోవాలి.' ఇందులో నాలుగు సంగతులున్నాయి, ఏదీ తీయడానికి వీల్లేదు. కారణం చెప్పిన వాక్యం తీసేయవచ్చని కొందరికి అనిపిస్తుంది. అది ఉంటేనే మధ్యాహ్నం 2కి నీళ్లు రాకపోతే పని పూర్తి కాలేదేమోనని అర్థం చేసుకుని, ఇంకాసేపు ఆగుతారు. అది లేకపోతే వంద ఇళ్ల నుంచి వంద ఫోన్లు వస్తాయి. అవి అందుకునేవాడు ఒక్కొక్కరికీ ఆ వాక్యమే చెప్పాలి.

సంక్షిప్తీకరణ అభ్యాసం ఉండవలసిన పద్ధతి కూడా ఇక్కడి నుంచే తేలుతుంది. పేరా ఇచ్చి మూడోవంతు చేయమనే బదులు ఒక సంగతి ఇచ్చి ముగ్గురికి చెప్పమనాలి. పంపు ఆగింది, ఈ మాట పంపు ఆపరేటర్‌కు ఎలా చెప్పాలి, అప్పుడే పనిలో చేరిన బదిలీ కార్మికుడికి ఎలా చెప్పాలి, రాత్రి షిఫ్టు వాళ్లు చదివే పుస్తకంలో ఎలా రాయాలి. మొదటివాడికి పంపు నంబరు, ఆగిన సమయం చాలు. రెండోవాడికి అది ఆగితే నీరు ఎక్కడ చేరుతుందో, ఎటు పోకూడదో చెప్పాలి. మూడోచోట ఈ రెండిటితో పాటు చెప్పింది ఎవరో, ఇప్పటిదాకా ఏం చేశారో, ఇంకా ఏం మిగిలిందో కూడా ఉండాలి, కింద సంతకం ఉండాలి.